సగం ధరకు సెలవులు, ఏటేటా పూర్తి బిల్లు

వేసవి దగ్గరపడుతుంటే హనుమకొండ, కాజీపేట ఇళ్లలో రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఈ ఏడాదైనా ఊటీకో మున్నార్‌కో వెళ్లాలన్న ఆలోచన. పదిహేను ఇరవై ఏళ్ల కింద హాలిడే క్లబ్బులో సభ్యత్వం తీసుకున్న ఇంట్లో దాన్ని ఎలా వదిలించుకోవాలన్న చింత. ఆ ఇంటి పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు. ఏటా వచ్చే మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఆగలేదు. ఈ రెండు ఇళ్ల మధ్య కుదిరే బేరమే రీసేల్ టైమ్‌షేర్.

కొత్త సభ్యత్వం లక్షల్లో ఉన్నప్పుడు అందులో సగానికో మూడో వంతుకో అదే క్లబ్బులో చోటు దొరుకుతుందంటే మధ్యతరగతి కుటుంబానికి ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఈ బేరంలో ధర మీద జరిగినంత చర్చ మరి దేనిమీదా జరగడం లేదు. సభ్యత్వం చేతులు మారితే గదిలో ఉండే హక్కుతోపాటు మిగిలిన ఏళ్ల బిల్లులూ కొన్నవారి నెత్తిన పడతాయి. అమ్మినవారు ధర ఎంత తగ్గించినా ఆ బిల్లులు పైసా తగ్గవు. పైగా ఈ చేతుల మార్పిడిని నియంత్రించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కొనే కుటుంబం జాగ్రత్తపడటం ఎంత అవసరమో, ప్రభుత్వం నిబంధనలు పెట్టడం అంతకన్నా అవసరం.

టైమ్‌షేర్ మనకు కొత్తదేమీ కాదు. యూరప్‌లో 1960లలో, ఆల్ప్స్ పర్వతాల్లోని స్కీ రిసార్టుల చుట్టూ పుట్టిన పద్ధతి ఇది. ఒక గదిని ఏడాదికి యాభై రెండు వారాలుగా విడదీసి ఒక్కో వారాన్ని ఒక్కో కుటుంబానికి అమ్మడం దీని మూలసూత్రం. చెన్నై కేంద్రంగా స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ 1986లో దీన్ని మన దేశంలోకి తెచ్చింది. పదేళ్ల తర్వాత, 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చింది. క్లబ్ మహీంద్రా పేరుతో 25 ఏళ్ల సభ్యత్వాలు అమ్మి ఈ రంగంలో పెద్ద కంపెనీగా ఎదిగింది. హైదరాబాద్ నుంచి కంట్రీ క్లబ్ తెలుగు పట్టణాల్లోకి చొచ్చుకుపోయింది. వరంగల్ డాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు ఈ సభ్యత్వాలు తీసుకున్నారు. షాపింగ్ దగ్గర నింపిన కూపన్‌కు బహుమతి తగిలిందని ఫోన్ రావడం, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలన్న షరతు, హోటల్ హాల్లో గంటల తరబడి స్లైడ్ల ప్రదర్శన, ‘ఈ ఆఫర్ ఈ రాత్రికే’ అన్న తొందర, అక్కడికక్కడే క్రెడిట్ కార్డు గీయించడం ఈ నగరంలో చాలామందికి అనుభవమే.

అలా కొన్నవారు ఇవాళ అమ్మకానికి పెడితే పెట్టిన డబ్బులో కొంత భాగమే తిరిగి వస్తోంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. కారణం గది పాతబడటం కాదు. కొత్త సభ్యత్వం ధరలో ప్రకటనలు, బహుమతులు, హోటల్ హాళ్ల అద్దెలు, అమ్మిన ఏజెంటు కమీషన్ అన్నీ కలిసి ఉంటాయి. సంతకం పెట్టిన మర్నాటి నుంచి ఆ డబ్బుకు విలువ లేదు. రెండో చేతికి మిగిలేది ఏటా కొన్ని రాత్రులు ఉండే అవకాశం, దాంతో ముడిపడిన బాధ్యత. ఇల్లో స్థలమో అయితే ఏళ్లు గడిచేకొద్దీ ధర పెరుగుతుందని మనకు అలవాటైన నమ్మకం. 25 ఏళ్ల సభ్యత్వంలో ప్రతి ఏడాదీ ఒక ఏడాది తరిగిపోతుంది. చివరికి సున్నా.

కంపెనీ వైపు నుంచి కూడా ఈ బేరాన్ని చూడాలి. కొత్త సభ్యుడు చేరితే కంపెనీకి లక్షలు వస్తాయి. పాత సభ్యత్వం మరొకరి పేరుకు మారితే వచ్చేది బదిలీ రుసుము మాత్రమే. మిగతా డబ్బంతా రెండు కుటుంబాల మధ్యే తిరుగుతుంది. పైగా రీసేల్‌లో కొన్న ప్రతి కుటుంబమూ కంపెనీకి చేజారిన ఒక కొత్త కస్టమర్. అందుకే ఏ కంపెనీ సేల్స్ విభాగమూ పాత సభ్యత్వాల మార్కెట్‌ను పెంచి పోషించదు. ప్రపంచమంతటా ఇదే తీరు. అమెరికాలో డిస్నీ వెకేషన్ క్లబ్‌నే తీసుకోండి. 2019 జనవరి 19 తర్వాత పాత రిసార్టుల సభ్యత్వాన్ని రీసేల్‌లో కొన్నవారికి రివేరా వంటి కొత్త రిసార్టుల్లో గది బుక్ చేసుకునే హక్కు లేకుండా చేశారు. కంపెనీ దగ్గర నేరుగా కొన్నవారికి ఆ ఆంక్ష లేదు. అంటే ఒకే క్లబ్బులో రెండు తరగతుల సభ్యులు. మన దేశంలోనూ మొదటి సభ్యుడికి ఇచ్చిన అదనపు రాత్రులు, విదేశీ రిసార్టులతో మార్పిడి సదుపాయం, భోజన రాయితీలు రెండో చేతికి వస్తాయో రావో కంపెనీ రాసిచ్చేదాకా నమ్మడానికి లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఈ అంకెలు ఏ కంపెనీవీ కావు, లెక్క తెలియడానికి నేను అనుకున్నవి. పన్నెండేళ్లు మిగిలిన సభ్యత్వం, ఏటా ఏడు రాత్రులు. ధర లక్షా ఇరవై వేలు, బదిలీ ఖర్చు పాతిక వేలు. తొలి ఏడాది వార్షిక రుసుము పన్నుతో కలిపి 22 వేలు, అది ఏటా 6 శాతం పెరుగుతుందనుకుందాం. పన్నెండో ఏట ఆ రుసుము దాదాపు 41,800 అవుతుంది. పన్నెండేళ్ల రుసుములు కలిపితే సుమారు 3 లక్షల 71 వేలు. మొదట పెట్టిన లక్షా నలభై ఐదు వేలు కలిపితే 5 లక్షల 16 వేలు. ప్రతి ఏడాదీ ఏడు రాత్రులూ వాడుకుంటే మొత్తం 84 రాత్రులు, రాత్రికి 6,140 రూపాయల పైచిలుకు. పిల్లవాడి పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్, ఇంట్లో ఒక పెళ్లి, ఒక అనారోగ్యం, ఇలా నాలుగేళ్లు వెళ్లలేకపోయారనుకోండి. అప్పుడు రాత్రికి 9,200 దాటుతుంది. ఇందులో భోజనం లేదు, రైలు టికెట్ లేదు, రిసార్టుకు చేర్చే టాక్సీ లేదు.

లెక్కలో మరో రెండు విషయాలు కలపాలి. మొదట పెట్టే లక్షా నలభై ఐదు వేలను 7 శాతం వడ్డీతో డిపాజిట్ చేస్తే పన్నెండేళ్లకు 3 లక్షల 26 వేలవుతుంది. సభ్యత్వంలో పెడితే ఏమీ మిగలదు. రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉండే హోటల్ గదుల మీద జీఎస్‌టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. క్లబ్బుల వార్షిక రుసుము మీద పన్ను 18 శాతం. మధ్యతరగతి కుటుంబం దిగే స్థాయి హోటల్‌కు పన్ను తగ్గిన తర్వాత, సభ్యత్వమే చవక అన్న పాత ప్రచారాన్ని మళ్లీ కాగితం మీద పెట్టి చూడాల్సిందే.

డబ్బు కన్నా మన వరంగల్ కుటుంబాలకు పెద్ద చిక్కు క్యాలెండర్. క్లబ్ మహీంద్రా తన సభ్యత్వాలను పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని సీజన్ల వారీగా అమ్ముతుంది. పర్పుల్ అంటే అందరూ వెళ్లాలనుకునే రోజులు, బ్లూ అంటే రద్దీ లేని రోజులు. మిగతా కంపెనీలకూ పేర్లు వేరైనా పద్ధతి ఇలాంటిదే. రీసేల్ మార్కెట్‌లో చవకగా దొరికేవి సహజంగానే రద్దీ లేని సీజన్ల సభ్యత్వాలు. మరి మన పిల్లలకు సెలవులు ఎప్పుడు? దసరాకు బడులు దాదాపు రెండు వారాలు మూస్తారు. కానీ ఆ సెలవులు బతుకమ్మవి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా పూలు ఏరడం, పేర్చడం, ఆడపిల్లలు పుట్టింటికి రావడం, ఆ తర్వాత జమ్మి పెట్టుకోవడం. హనుమకొండ పద్మాక్షి గుండం దగ్గర సద్దుల బతుకమ్మను వదులుకుని కొడైకెనాల్ వెళ్లే ఇల్లు చాలా అరుదు. సంక్రాంతి సెలవులు కొద్దిపాటివే. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు కుటుంబమంతా కదులుతుంది. ఇక మిగిలేది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా ఉండే వేసవి ఒక్కటే. దేశమంతా కొండల మీదికి ఎక్కాలనుకునే రోజులూ అవే.

అంటే బడికెళ్లే పిల్లలున్న కుటుంబానికి కావాల్సింది అత్యంత రద్దీ సీజన్ సభ్యత్వం. దానికి రీసేల్‌లో కూడా ధర ఎక్కువే, బుకింగ్‌కు పోటీ ఇంకా ఎక్కువ. బుకింగ్ తెరిచిన వెంటనే నెలల ముందే ఆన్‌లైన్‌లో పట్టుకోవాలి. సగం ధరకు వచ్చిన వైట్, బ్లూ సీజన్ సభ్యత్వంతో మే నెలలో గది దొరుకుతుందని ఎవరైనా చెబితే ఆ మాటను కాగితం మీద రాసివ్వమనండి. కుటుంబ సెలవులంటూ ఎవరి ఫొటోలు చూపించి ఈ సభ్యత్వాలు అమ్ముతారో, ఆ బడి పిల్లల తల్లిదండ్రులకే ఈ పద్ధతి అన్నిటికన్నా తక్కువగా అక్కరకొస్తుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్యాయంగా అనిపించేది ఇదే.

గది పరిమాణం మరో సమస్య. చవకగా అమ్మకానికి వచ్చేవాటిలో స్టూడియో గదులు ఎక్కువ. ఇద్దరు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు అది సరిపోతుంది. నానమ్మ, తాతయ్య కూడా వస్తే అదనపు మనిషికి రుసుమో, మరో గదో. మన ఇళ్లలో సెలవులకు వెళ్లడమంటే పెద్దవాళ్లను ఇంట్లో వదిలి వెళ్లడం కాదు. ఇక దూరం. వరంగల్ నుంచి విమానం ఎక్కాలంటే నేటికీ శంషాబాద్ వెళ్లాలి. మామునూరులో విమానాలు దిగడం ఇంకా రాబోయే రోజుల మాటే. మున్నార్ వెళ్లాలంటే వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దాదాపు ఒక రోజు ప్రయాణం చేసి ఎర్నాకుళంలో దిగాలి. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద మరో 130 కిలోమీటర్లు. నలుగురికి మే నెలలో ఆ రైలులో రానూపోనూ బెర్తులు దొరికిన రోజులకు, క్లబ్బులో గది దొరికిన రోజులకు పొత్తు కుదరాలి. గది ముందే కొనిపెట్టుకున్నామన్న ధీమాతో ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

ఇప్పుడు చట్టం సంగతి. సేల్స్ హాల్లో ‘ఇది మీ సొంతం’ అంటారు. మన దేశంలో అమ్ముతున్న సభ్యత్వాల్లో చాలావరకు రిజిస్టర్ అయిన ఆస్తి హక్కులు కావు, గదిని కొన్ని రోజులు వాడుకునే అనుమతులు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ ఇలాంటి అనుమతిని లైసెన్సుగా నిర్వచించింది. అదే చట్టం 56వ సెక్షన్ ప్రకారం, వినోద ప్రదర్శనల ప్రవేశం వంటి వాటిని మినహాయిస్తే, ఒప్పందంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప లైసెన్సు పొందినవారు దాన్ని మరొకరికి బదిలీ చేయలేరు. కాబట్టి అమ్మేవారికి అమ్మే హక్కు ఉందా లేదా అన్నది పూర్తిగా కంపెనీతో వారు చేసుకున్న ఒప్పందం మీద ఆధారపడుతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరూ రాసుకుని నోటరీ చేయించినంత మాత్రాన కొన్నవారు సభ్యులైపోరు. కంపెనీ రికార్డులో పేరు మారాలి, మారినట్టు కంపెనీ నుంచి లేఖ రావాలి. అప్పటిదాకా ఇచ్చిన డబ్బు బయానా కిందే లెక్క.

అమ్మినవారు మోసం చేస్తే ఎక్కడికి వెళ్లాలి? వినియోగదారుల కమిషన్ అనుకుంటారు చాలామంది. కానీ వృత్తిగా వ్యాపారం చేయని ఒక వ్యక్తి తన సభ్యత్వాన్ని ఒకసారి అమ్మితే, ఆ గొడవను వినియోగదారుల వివాదంగా నిలబెట్టడం కష్టం. సివిల్ కోర్టు దారే మిగులుతుంది. కంపెనీ మీద ఫిర్యాదైతే పరిస్థితి మెరుగు. 2021లో లారియేట్ బిల్డ్‌వెల్ కేసులో సుప్రీంకోర్టు ఫ్లాటును మధ్యలో కొన్న రెండో కొనుగోలుదారు మొదటివారి స్థానంలోకే వస్తారని, వారి హక్కులను తోసిపుచ్చలేమని చెప్పింది. అది ఇళ్ల కేసే అయినా, పేరు మార్పు పూర్తయిన రీసేల్ సభ్యుడు కమిషన్ ముందు వాదించడానికి అందులోని తర్కం అక్కరకొస్తుంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టంతో మరో మేలు జరిగింది. కంపెనీ ఆఫీసు ముంబయిలోనో చెన్నైలోనో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లోనే. 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. రెండేళ్ల గడువు దాటకూడదు.

అమ్మకానికి పెట్టినవారి కష్టం ఇంకో రకం. ఒక వెబ్‌సైట్‌లో ప్రకటన పెట్టిన కొద్ది రోజులకే ఫోన్ వస్తుంది. మీ సభ్యత్వానికి కార్పొరేట్ కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నారంటారు. మీరు అడిగిన ధర కన్నా ఎక్కువే ఇస్తామంటారు. ఈమెయిల్‌లో లెటర్‌హెడ్ మీద ఆఫర్ వస్తుంది. తర్వాత ఎన్‌ఓసీ ఛార్జీ అంటారు, అది కట్టాక జీఎస్‌టీ డిపాజిట్ అంటారు, అదీ కట్టాక చెక్కు విడుదలకు బ్యాంకు రుసుము అంటారు. ప్రతిదీ ‘తిరిగి వచ్చే మొత్తమే’. చివరికి ఫోన్ ఎత్తరు. జీవితకాలం దాచుకున్న పింఛను డబ్బులోంచి పెద్దవాళ్లు పోగొట్టుకునే సొమ్ము ఇది. పరువు పోతుందని పిల్లలకు కూడా చెప్పుకోరు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది.

ఈ మోసం ఎంత పెద్దదో మెక్సికో చూస్తే అర్థమవుతుంది. అక్కడి ప్యూర్టో వల్లార్టా తీరంలో టైమ్‌షేర్లు కొన్న వృద్ధ అమెరికన్లకు ఇలాంటి ఫోన్లే చేసి, అమ్మిపెడతామంటూ ముందస్తు రుసుములు గుంజింది మాదకద్రవ్యాల ముఠా. అమెరికా ఆర్థిక శాఖ 2023లో ఆ ముఠాకు చెందిన వ్యక్తుల మీద, కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. 2019 నుంచి 2023 దాకా దాదాపు ఆరు వేల మంది 30 కోట్ల డాలర్ల వరకు పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐ లెక్క. మన దగ్గర మరో కోణం కూడా బయటపడింది. సెలవుల పథకం పేరుతో వాయిదాల్లో డబ్బు కట్టించుకుని, సెలవు వాడుకోకపోతే లాభంతో తిరిగిస్తామన్న రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ పథకాన్ని 2015లో సెబీ అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకంగా తేల్చింది. దాన్ని మూసేసి డబ్బు వాపసు చేయమని ఆదేశించింది. సెలవు అమ్మేవారు లాభం గురించి మాట్లాడటం మొదలుపెట్టారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

ఇన్ని చెప్పాక, రీసేల్ సభ్యత్వం ఎవరూ కొనకూడదా అంటే, నేను అలా అనను. బడి క్యాలెండర్‌తో పని లేనివారికి ఇది నిజంగా లాభసాటి కావచ్చు. ఉద్యోగ విరమణ చేసి ఆరోగ్యంగా ఉన్న దంపతులు, జులైలో కొడగు వర్షాలను, నవంబరులో మంచును చూడాలనుకునేవారు, ఇంటి నుంచే పనిచేసే యువ దంపతులు రద్దీ లేని సీజన్ సభ్యత్వాన్ని తక్కువ ధరకు తీసుకుంటే ప్రతి రాత్రినీ వాడుకోగలరు. మిగిలిన కాలం తక్కువగా ఉండటం కూడా వారికి మంచిదే. ఇరవై రెండేళ్లు మిగిలినదాని కన్నా ఆరేడేళ్లు మిగిలినది మేలని నా అభిప్రాయం. బాధ్యత ఎప్పుడు ముగుస్తుందో కళ్ల ముందు కనిపిస్తుంది. కొనేముందు అమ్మేవారి అతిథిగా, కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటే, ఒకసారి వెళ్లి ఉండి రావాలి. నాలుగు రాత్రులకు వారికి కొంత ముట్టజెప్పినా నష్టం లేదు.

బేరానికి కూర్చున్నప్పుడు ముందు అడగాల్సింది ధర కాదు, గత మూడేళ్ల వార్షిక రుసుము బిల్లులు. ఆ బిల్లును దగ్గర పెట్టుకుని చదవాలి. పైన సభ్యత్వం నంబరు, దాని పక్కన సీజన్, గది రకం ఉంటాయి. ప్రకటనలో చెప్పినవి, ఇవి ఒకటేనా? కింద పాత బాకీ, దాని మీద వడ్డీ ఉన్నాయా? ఉంటే సభ్యుడు కొన్నేళ్లుగా కట్టడం మానేశాడన్నమాట, ఆ బాకీ తీరేదాకా కంపెనీ బుకింగ్ ఇవ్వకపోవచ్చు, పేరూ మార్చకపోవచ్చు. ఈఎంఐ మీద తీసుకున్న సభ్యత్వమైతే ఆ అప్పు తీరినట్టు కాగితం కావాలి. మూడు బిల్లులనూ పక్కపక్కన పెడితే రుసుము ఏటా ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. అసలు ఒప్పందంలో ఆ పెంపునకు పరిమితి రాశారేమో వెతకాలి. చాలా ఒప్పందాల్లో కాలపరిమితి ఏ తేదీ నుంచి మొదలైందన్నది లోపలి పేజీల్లో ఉంటుంది. తొలినాళ్ల ఒప్పందాల్లో 99 ఏళ్లవీ ఉన్నాయి. అంత కాలం రుసుము కట్టే బాధ్యతను మనవళ్లకు వదిలి వెళ్లాలా అన్నది ఆలోచించుకోవాలి. యజమాని మారాడా అన్నదీ చూడాలి. స్టెర్లింగ్‌ను 2014లో థామస్ కుక్ ఇండియా తీసుకుంది. అలాంటి మార్పుల తర్వాత పాత ఒప్పందంలోని ఏ వాగ్దానం నిలిచిందో ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోవాలి. ఆ జవాబు వచ్చి, పేరు మార్పునకు కంపెనీ ఒప్పుకున్నాకే అమ్మేవారికి పూర్తి డబ్బు ఇవ్వాలి.

ఇంత చదువు, ఇంత ఓపిక ప్రతి కుటుంబం నుంచీ ఆశించడం న్యాయం కాదు. అందుకే యూరప్ 2009లోనే ఒక ఆదేశం తెచ్చింది. టైమ్‌షేర్ కొన్నవారికి కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి 14 రోజుల గడువు ఇచ్చింది. ఆ గడువులో ఒక్క యూరో కూడా అడ్వాన్సు తీసుకోకూడదంది. రీసేల్‌కు మరింత గట్టి నియమం పెట్టింది. అమ్మిపెట్టే ఏజెంటు అమ్మకం నిజంగా జరిగేదాకా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. ఈ ఒక్క నియమం మన దగ్గర ఉంటే పైన చెప్పిన ఎన్‌ఓసీ ఫోన్లలో సగం మొదటి మాటకే దొంగవని తేలిపోతాయి. స్పెయిన్ చట్టం టైమ్‌షేర్ కాలాన్ని 50 ఏళ్లకు పరిమితం చేసింది. దాన్ని దాటిన ఒప్పందాలు చెల్లవని 2015లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్ట్రేలియాలో టైమ్‌షేర్ పథకాలు పెట్టుబడి పథకాలను చూసే నియంత్రణ సంస్థ కిందే ఉన్నాయి. మన దగ్గర ఉన్నది పర్యటక శాఖ టైమ్‌షేర్ రిసార్టులకు నక్షత్రాలు ఇచ్చే మార్గదర్శకాలు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంఘం నియమావళి. గదిలో మంచం, స్నానాల గది ఎలా ఉండాలో ఆ మార్గదర్శకాలు చెబుతాయి. సభ్యుడు ఎలా బయటపడాలో చెప్పవు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు అక్రమ వ్యాపార పద్ధతులను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చే అధికారం ఉంది. హోటళ్లు బిల్లులో సర్వీస్ ఛార్జీ బలవంతంగా కలపకూడదని 2022 జులైలో ఆ సంస్థ చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కినా 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. టైమ్‌షేర్ మీదా అదే అధికారం వాడవచ్చు. బదిలీ రుసుము ఎంతో, రెండో సభ్యుడికి ఏ సదుపాయాలు తగ్గుతాయో ప్రతి కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. ఏ సీజన్‌లో ఎంతమంది సభ్యులున్నారో, ఎన్ని గదులున్నాయో ఏటా చెప్పాలి. వార్షిక రుసుము పెంపునకు పైపరిమితి ఉండాలి. కొన్నేళ్లు సక్రమంగా రుసుము కట్టిన సభ్యుడు వయసు మీదపడో జబ్బు చేసో వద్దనుకుంటే సభ్యత్వాన్ని కంపెనీకే తిరిగి అప్పగించి బాధ్యత నుంచి బయటపడే దారి ఉండాలి. ఈ చివరిది వస్తే, వదిలించుకోవాలన్న ఆత్రంలో పెద్దవాళ్లు మోసగాళ్ల చేతుల్లో పడటం తగ్గుతుంది.

ఒప్పందంలోని షరతే అన్యాయంగా ఉంటే, అది చెల్లదని ప్రకటించమని అడిగే వీలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అలాంటి ఫిర్యాదు జిల్లాలో కాకుండా హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. ఒక్కరి నష్టం కాకుండా చాలామందికి ఒకే రకంగా జరిగిన అన్యాయమైతే అదే చట్టం 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టర్ విచారణ జరిపి ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. హనుమకొండ, వరంగల్ కలెక్టరేట్లలో ఈ పనికి వేరే ఆఫీసు అక్కర్లేదు. విశ్రాంత ఉద్యోగుల సంఘాలు, వినియోగదారుల సంఘాలు తమ సభ్యుల దగ్గరున్న పాత సభ్యత్వ పత్రాలను, పెరిగిన బిల్లులను, దొంగ ఫోన్ల వివరాలను ఒకచోట చేర్చి ఒకే ఫిర్యాదుగా ఇస్తే చాలు.